ఏలూరు తివాచీ, నెల్లూరు నీళ్లు: ఎరుపు ఎందుకు కారింది?

ఈరోజు ఎపిసోడ్ ఒక గొర్రెతో మొదలుపెడదాం. నెల్లూరు గొర్రెని చూసే ఉంటారు. పొడుగు కాళ్లు, పొడుగు మెడ, దేశంలో ఎత్తైన గొర్రె జాతుల్లో ముందు చెప్పుకునే పేరు. పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలు. అంత పేరున్న ఆ గొర్రె ఒంటి మీద ఉన్ని ఉండదు. మేకకి ఉన్నట్టు పొట్టి వెంట్రుకలే. ఎండకీ, ఉక్కకీ అలాగే తయారైంది పాపం. తెలుగు నేల మీద ఉన్ని ఇచ్చేది దక్కనీ గొర్రె. తెలంగాణలో, రాయలసీమ మెట్టల్లో కురుమలు, కురుబలు మేపే నల్ల గొర్రె. గొంగడి దాని ఉన్నితోనే నేస్తారు.

అంటే మన తీరంలో ఉన్ని పుట్టదు, చలి లేదు కాబట్టి పెద్దగా వాడం కూడా. చీర ఎలా ఉతకాలో, పంచె ఎలా గంజి పెట్టాలో ఇక్కడ అందరికీ తెలుసు. ఉన్ని ఉతకడం తెలిసిన చెయ్యి మాత్రం వెతికితే గానీ దొరకదు. మా ఇంట్లో ఒక తివాచీకి జరిగింది అదే.

మా అమ్మమ్మ వాళ్లది కోట వైపు, సముద్రానికి దగ్గరే. మా తాతయ్య 1960ల్లో కొన్నాళ్లు ఏలూరులో ఉద్యోగం చేశారు. అక్కడి నుంచి బదిలీ అయి వచ్చేటప్పుడు ఒక చేతిముడుల ఉన్ని తివాచీ కొనుక్కొచ్చారు. మధ్యలో ఎరుపు, చుట్టూ మీగడ రంగు అంచు, ముదురు నీలం పూలు. మా ఇంట్లో బారసాలలన్నీ దాని మీదే. ఉయ్యాల కింద పరిచేది అదే, నన్ను పడుకోబెట్టింది కూడా దాని మీదే. మొన్న మే నెలలో మామయ్య దాన్ని టౌన్‌లో ఒక క్లీనింగ్ షాపుకి ఇచ్చాడు. షాపు పేరు చెప్పను, చెప్పి ప్రయోజనం లేదు. వాళ్లు సోఫాలు, కార్ల సీట్లు బాగానే కడుగుతారు.

తిరిగొచ్చిన తివాచీ ఎలా ఉందంటే, మీగడ అంచంతా గులాబీ రంగు. అంచులు అప్పడంలా వంకర్లు తిరిగాయి. కాలు పెడితే కొబ్బరి పీచు మీద పెట్టినట్టు గరుగ్గా ఉంది. ఒక మూల అరచేయంత మేర ఉన్ని పసుపు తిరిగి, లాగితే పొడిగా ఊడొస్తోంది. పైగా ముక్క వాసన. అడిగితే షాపు అతను చాలా మర్యాదగా, "పాత సరుకు కదండీ, రంగు పోవడం మామూలే" అన్నాడు.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయా. పాతది కాబట్టి రంగు పోయిందా? అదే నిజమైతే 300 ఏళ్ల తివాచీలకి ఈపాటికి రంగే ఉండకూడదు. కానీ ఉంది. ఎలాగో తెలియాలంటే ఏలూరు వెళ్లాలి. 1679కి.

ఆ ఏడాది స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ అనే అతను ఈస్టిండియా కంపెనీ తరఫున మద్రాసులో పెద్ద అధికారి. కంపెనీ లెక్కలు చూసుకోవడానికి మద్రాసు నుంచి మచిలీపట్నం వైపు పెద్ద పరివారంతో బయల్దేరాడు, డైరీ రాసుకుంటూ. ఆ డైరీలో ఏలూరు గురించి ఉంది. పెద్ద ఊరు, ఇక్కడ మంచి తివాచీలు చేస్తారు, పర్షియా పద్ధతిలో. చేసేవాళ్లు పర్షియా సంతతి వాళ్లు, తమ వాళ్లు వచ్చి వందేళ్లు దాటిందని చెప్పారు, అని రాశాడు. వందేళ్లు వెనక్కి లెక్కేస్తే గోల్కొండలో కుతుబ్ షాహీల కాలం. వాళ్లకి ఇరాన్‌తో రాకపోకలు, మచిలీపట్నం రేవులో ఇరానీ వర్తకులు. నేతగాళ్లు రావడంలో వింతేమీ లేదు.

మాస్టర్ నాకు నచ్చేది ఎందుకంటే, అతను తివాచీ బాగుంది అని ఊరుకోలేదు, ఎలా చేస్తారో నిలబడి చూశాడు. నిలువు మగ్గం, దానికి నూలు దారాలతో పడుగు. దాని మీద రంగురంగుల ఉన్నితో ముడులు. వెనకాల ఒక మనిషి కాగితం మీద గీసిన డిజైన్ పట్టుకుని ఏ రంగు ఎంత వెయ్యాలో చెబుతుంటే, ముందు కూర్చున్నవాళ్లు వేస్తూ, కత్తెరతో కత్తిరిస్తూ పోతారు. కోడింగ్ చేసిన నాకు ఇది చదవగానే నవ్వొచ్చింది. ఒకడు ప్రోగ్రామ్ చదువుతాడు, మిగతావాళ్లు లైన్ బై లైన్ రన్ చేస్తారు.

నవ్వు ఎంతోసేపు నిలవదు. ముడులు వేసేది 8 నుంచి 12 ఏళ్ల పిల్లలు అని అదే డైరీలో ఉంది. చిన్న వేళ్లు కాబట్టి ముడి సన్నగా వస్తుందని తివాచీ పనిలోకి పిల్లల్ని దించడం చాలా దేశాల్లో ఉన్నదే. మన దగ్గర 1986 బాల కార్మిక చట్టం నిషేధించిన పనుల జాబితాలో తివాచీ నేత ఉందంటే, మాస్టర్ చూసిన దృశ్యం మూడొందల ఏళ్ల తర్వాత కూడా చట్టం రాయాల్సినంతగా మిగిలుందన్నమాట. మ్యూజియంలో తివాచీ చూసి వావ్ అనేటప్పుడు ఇది కూడా గుర్తుండాలని నా అభిప్రాయం.

సరే, ఆ డైరీలో మన రిపేరుకి పనికొచ్చే పాయింట్ ఒకటుంది. పడుగు నూలుది, ముడి ఉన్నిది. రెండు వేరే పదార్థాలు. పత్తి మొక్క నుంచి వచ్చింది, ఉన్ని మన జుట్టులాగా ప్రోటీన్. నీళ్లకీ, వేడికీ, సోడాకీ రెండూ ఒకేలా స్పందించవు. పైగా ప్రతి ముడీ దేనికది విడి. ఒకటి పాడైతే తీసి కొత్తది వెయ్యొచ్చు. తివాచీని ముంచేదీ, మళ్లీ బతికించేదీ ఈ నిర్మాణమే.

ఇక ఎరుపు సంగతి. మన తీరం ప్రపంచానికి తెలిసిందే ఎరుపు వల్ల. 1606లో డచ్చివాళ్లు నిజాంపట్నంలో దిగారు. అప్పట్లో ఐరోపా వాళ్లు ఆ ఊరిని పెటపోలి అనేవాళ్లు. 1626 ప్రాంతంలో ఇంగ్లీషువాళ్లు మన నెల్లూరు తీరంలోనే దుగరాజపట్నం దగ్గర, వాళ్ల భాషలో ఆర్మగావ్, ఒక కోట కట్టుకున్నారు. మద్రాసు అప్పటికి ఇంకా వాళ్ల చేతికి రాలేదు. అందరూ వచ్చింది అద్దకం బట్టల కోసం. ఆ బట్టల ఎరుపు చిరివేరు నుంచి. తీరం ఇసుకలో పెరిగే చిన్న మొక్క వేరు. అందులో ఉండే రంగు పదార్థం అలిజరిన్. పటికతో కలిపితే అది దారాన్ని పట్టుకుని వదలదు. ఇంకో తమాషా, ఈ ఎరుపు నిండుగా రావాలంటే కాల్షియం కూడా కావాలి. గుల్లలు, నత్తలు కలిసిన తీరపు ఇసుకలో కాల్షియానికి కొదవా? నిజాంపట్నం వేరుకి అంత పేరు రావడానికి ఇదే కారణమని బట్టల చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఈ కాల్షియం మాట మనసులో పెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ వస్తుంది, ఈసారి విలన్‌గా.

చిరివేరు నూలు బట్టల ఎరుపు. మన దేశపు పాత ఉన్ని తివాచీల్లో ఎరుపుకి ఎక్కువగా వాడింది లక్క. నీలానికి నీలిమందు, దాన్ని మన నెల్లూరు, కడప జిల్లాల్లో 19వ శతాబ్దంలో కూడా బాగా పండించారు. ఈ రంగుల సత్తా చూడాలంటే జపాన్ వెళ్లాలి. క్యోటోలో ఏటా జులైలో గియోన్ పండుగ జరుగుతుంది. మన రథోత్సవం లాంటిదే, పెద్ద పెద్ద రథాలు లాగుతారు. ఆ రథాలకి కట్టే అలంకారాల్లో దక్కన్ తివాచీలు ఉన్నాయి. డచ్ కంపెనీ ఓడల్లో నాగసాకి చేరి, క్యోటో వర్తకులు కొనుక్కున్నవి. శతాబ్దాలుగా వీధుల వాళ్లు వాటిని ప్రాణంలా దాచుకున్నారు.

అలాగని నేచురల్ అంటే సేఫ్ అనుకోకండి. లక్క ఎరుపు మీద సోడా నీళ్లు పడితే ఊదా వైపు తిరుగుతుంది. కానీ పటిక పట్టించి సరిగ్గా వేసిన రంగు, ఎరుపు నీళ్లలా కారి పక్కింట్లో దూరదు.

మరి మా తాతయ్య తివాచీ ఎందుకు కారింది? 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే కుర్రాడు, 18 ఏళ్లు, మలేరియా మందు క్వినైన్ తయారు చెయ్యబోయి ఊదా రంగు తయారు చేశాడు. తారు నుంచి తీసిన రంగు. ఆ తర్వాత మూడేళ్లలోపే మెజెంటా. తర్వాత వరద. చవక, మెరుపు, అద్దకం తేలిక. వారాల పని గంటల్లో అయిపోతుంది. తివాచీ నేతగాడు ఎందుకు వద్దంటాడు? కానీ తొలి తరం రంగులు ఎండకి వెలిసేవి, నీళ్లకి కారేవి. గొడవ ఎంత దూరం వెళ్లిందంటే ఇరాన్ ప్రభుత్వం ఆ రంగుల దిగుమతి మీద నిషేధం పెట్టింది. కశ్మీర్ మహారాజు మెజెంటా మీద భారీ సుంకం వేశాడు. ఈ కశ్మీర్ సంగతి రాసింది జార్జ్ బర్డ్‌వుడ్, 1880లో భారతదేశపు హస్తకళల మీద అచ్చేసిన పుస్తకంలో. మచిలీపట్నం తివాచీలు ఒకప్పుడు ఎంత గొప్పవో, చవక సరుకు అడిగే వ్యాపారుల వల్ల ఎలా దిగజారాయో కూడా బాధపడ్డాడు. జైళ్లలో ఖైదీల చేత నేయించే తివాచీలు మగ్గం నమ్ముకున్నవాళ్ల పొట్ట కొడుతున్నాయని గట్టిగా రాశాడు. ఆగ్రా, లాహోర్, ఎరవాడ జైళ్లు దానికి పేరుపడ్డవి. తెల్లదొర ప్రేమలో కొంచెం పెద్దరికం ఉంటుంది, అది తీసేసి చదవండి, విషయం మాత్రం ఉంది.

చిన్న సైడ్ ట్రాక్. రంగు కారడాన్ని అమ్ముకున్నవాళ్లు కూడా ఉన్నారు. మద్రాసు గళ్ల బట్ట ఉతికితే రంగులు ఒకదాంట్లోకి ఒకటి దిగేవి. 1960ల అమెరికాలో దాన్నే "బ్లీడింగ్ మద్రాస్" అని స్టైల్‌గా అమ్మారు, కారడం గ్యారంటీ అని చెప్పి మరీ. బగ్‌ని ఫీచర్ అని రిలీజ్ నోట్స్‌లో రాయడం మనమేం కనిపెట్టలేదు.

1960ల నాటికి కెమికల్ రంగులు చాలా మెరుగయ్యాయి. ఉన్నికి వాడేవాటిలో ఎక్కువ ఆసిడ్ డైలు. పేరులోనే ఉంది, పుల్లటి నీళ్లలో అవి ఉన్నిని పట్టుకుంటాయి. సోడా లాంటి క్షారం తగిలితే పట్టు సడలిపోతుంది. మా తివాచీ వెనకవైపు ఒక ఎర్ర పోగు తీసి రెండు ముక్కలు చేశా. ఒకటి వెనిగర్ కలిపిన నీళ్లలో, ఒకటి చాకలి సోడా నీళ్లలో. పది నిమిషాలకి వెనిగర్ గ్లాసు తేటగానే ఉంది. సోడా గ్లాసు రూహ్ అఫ్జా. నీలం పోగు రెండింటిలోనూ కదల్లేదు. షాపు అతనికి జవాబు ఆ గ్లాసులోనే దొరికింది. వయసు కాదు సమస్య. ఆ ఎరుపు ఏ కాలంలో పుట్టింది, దానికి ఏం తగిలింది, అదీ లెక్క.

ఇప్పుడు షాపులో జరిగింది వరసగా అర్థమవుతుంది. కార్పెట్ షాంపూ క్షారం, వేడినీళ్లు, తిరిగే బ్రష్ మెషీన్. ఆఫీసుల్లో పరిచే నైలాన్ కార్పెట్‌కి అది సరిపోతుంది. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటి పొలుసులుంటాయి. వేడి, సబ్బు, రాపిడి కలిస్తే అవి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఉన్ని ముద్ద కడుతుంది. గరుకు అందుకే. నూలు పడుగు ముడుచుకుపోయింది, అంచుల వంకర అందుకే. గులాబీ మరక పోవాలని ఒక మూల బ్లీచ్ పోశారు. ఈ ప్రయోగం మీరూ చెయ్యొచ్చు, పెద్దవాళ్లు పక్కనుంటే, కిటికీ తెరిచి. స్వచ్ఛమైన ఉన్ని దారం ముక్కని ఇంట్లో వాడే చిక్కటి బ్లీచ్‌లో వదిలెయ్యండి. కొన్ని గంటల్లో దారం కరిగిపోతుంది. తెల్లబడటం కాదు, కరగడమే. బ్లీచ్‌లో ఇంకేమీ, ముఖ్యంగా వెనిగర్, కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ఇక మన విలన్, కాల్షియం. తీరం వైపు బోరు నీళ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు, బకెట్లకి తెల్ల పెచ్చు కట్టే నీళ్లు. ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు, కాల్షియంతో కలిసి జిగటగా ముద్దవుతుంది. ఆ జిగట ఉన్ని లోపల ఇరుక్కుంటే జాడించినా పోదు. ఏ తీరపు కాల్షియం నూలుకి అంత గొప్ప ఎరుపునిచ్చిందో, అదే ఇక్కడ సబ్బుతో చేరి ఉన్నిని చెడగొట్టింది. ఆ తర్వాత డాబా పిట్టగోడ మీద తడి తివాచీ మడత వేసి, పైన మాడే ఎండ, లోపల తడి. ముక్క వాసన అక్కడిది.

మేం చేసింది చెబుతా. మరీ ఖరీదైన, మరీ పాత తివాచీ అయితే మీరు చెయ్యకండి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. మాది అప్పటికే చెడింది కాబట్టి ధైర్యం చేశాం. ముందు ప్రతి రంగు మీదా తడి తెల్ల గుడ్డ నొక్కి చూశాం, ఏది అంటుతుందో రాసుకున్నాం. తియ్యనీళ్ల ట్యాంకర్ తెప్పించాం. చల్లటి నీళ్లలో కొద్దిగా వెనిగర్. నురగ రాని దాకా, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించడం, రుద్దడం అసలు లేదు. పాత షాంపూ అప్పుడు బయటికొచ్చింది చూడండి, కడిగిన తివాచీలోంచి అంత మురికి నురగా అని అమ్మమ్మ నోరెళ్లబెట్టింది. తర్వాత పాత దుప్పట్లతో నీళ్లు అద్ది తీసి, నవారు మంచం మీద చదునుగా పరిచి, కింద ఒక ఫ్యాను, పైన ఒక ఫ్యాను, నీడలో రెండు రోజులు. వాసన పోయింది. గరుకు సగం తగ్గింది. గులాబీ కొంచెం తేలింది, కానీ పోలేదు. ఒకసారి ఆరిపోయిన మరక కదా.

మిగిలింది ఆ కరిగిన మూల. దాన్ని చుట్టుకుని నేనూ మామయ్యా రైలెక్కి ఏలూరు వెళ్లాం. తంగెళ్లమూడి వైపు ఇంకా మగ్గాలున్నాయి. అక్కడ అందరూ చాచా అని పిలిచే ఒక పెద్దాయన తివాచీని చూడకముందే తిరగేశారు. ముడులు వెనక నుంచి చూస్తారట, ముందు నుంచి కాదు. వేలితో పడుగు దారాలు మీటి, "ఎముక బాగుంది, కండే పోయింది" అన్నారు. పడుగు గట్టిగా ఉంది కాబట్టి కొత్త ముడులు వెయ్యొచ్చని అర్థం. వంకరలకి చెక్క మీద తడిపి లాగి, తుప్పు పట్టని మేకులు కొట్టి ఆరబెడతారు.

రంగు కలిపేటప్పుడు ఒక విషయం నేర్చుకున్నా. ఆయన ఉన్నిని వేళ్లతో పాయలు తీసి మొదట్లో రంగు చూపించారు. మొదట్లో నిండు ఎరుపు, అరవై ఏళ్ల కిందటిది. కొసల్లో వెలిసిన ఇటుక ఎరుపు. నేను మొదట్లోది అసలు రంగు కదా, అదే వెయ్యండి అన్నా. ఆయన ఒప్పుకోలేదు. కొసకి జత చేస్తేనే కలుస్తుంది, అసలు రంగు వేస్తే కొత్త అతుకు అరుస్తుంది అన్నారు.

గులాబీ అంచుకి హైడ్రోస్ కొట్టొచ్చా అని మామయ్య అడిగాడు. బెల్లం తెల్లగా కనబడటానికి వేస్తారే, అదే. చాచా చెయ్యి అడ్డంగా ఊపారు. "అది గులాబీని తీస్తుంది, పక్కనున్న ఎరుపునీ తీస్తుంది. దానికి అంచెక్కడో తెలీదయ్యా." అక్కడి నుంచే అమ్మమ్మకి వీడియో కాల్ చేసి చూపించా. ఆవిడ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "గులాబీ ఉండనీ అబ్బయా, ఊడిన చోటు మాత్రం కట్టించు. పిల్ల గోళ్లకి పోగులు చిక్కుకుంటాయి" అంది. మా అక్కకి డిసెంబర్‌లో డెలివరీ.

తివాచీ ఇంకా ఏలూరులోనే ఉంది. నవంబర్ చివరికి ఇస్తామన్నారు. ముడులు వేసే వీడియో తీసుకోవడానికి చాచా ఒప్పుకున్నారు, ఆయన మొహం కాదు, చేతులు మాత్రమే. అది వచ్చే ఎపిసోడ్‌లో పెడతా. మీ ఇళ్లల్లో పాత ఉన్ని తివాచీ గానీ, తాతల నాటి గొంగడి గానీ ఉంటే వెనకవైపు ఫోటో తీసి కామెంట్‌లో పెట్టండి. ముందువైపు వద్దు. ఉంటా మరి.